పాత ప్రాజెక్ట్ 2007 నుంచి ఒకేసారి 2019కి: సైట్ షెడ్యూల్‌తో నా అనుభవం

పనుల షెడ్యూల్ వేసుకునే సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్. దాని 2007 వెర్షన్‌ని మా ఆఫీసులో చాలా ఏళ్లు లాక్కొచ్చాం. కంప్యూటర్లు మార్చినప్పుడు ఏకంగా 2019 వెర్షన్ వేశారు. మధ్యలో వచ్చిన 2010, 2013, 2016లను మేం చూడనే లేదు కాబట్టి వాటిలో చేరినవన్నీ నాకు ఒక్కసారే కొత్త. నేను షెడ్యూల్ చూసేది హైదరాబాద్ శివార్లలోని ఒక అపార్ట్‌మెంట్ సైట్‌కి. కింది అంతస్తుల్లో గోడలు, పైన స్లాబులు నడుస్తున్న సమయంలో ఈ మార్పు వచ్చింది.

పాత ఫైల్ తెరవగానే పైన కంపాటిబిలిటీ మోడ్ అని చూపించింది. కొత్త ఫార్మాట్‌లో సేవ్ చేస్తేనే కొత్త సదుపాయాలన్నీ పనిచేస్తాయి. సేవ్ చేసి లిఫ్టు పనులు చేర్చాను, ఏ పని తర్వాత ఏది అని లింకులు ఇచ్చాను. ఆ తర్వాత స్లాబు వారం ఆలస్యమైతే పాత పనుల తేదీలన్నీ బుద్ధిగా వెనక్కి జరిగాయి, లిఫ్టు పనులు మాత్రం ఉన్నచోటే కూర్చున్నాయి. తేదీల కింద ఎర్ర గీత, పక్క గడిలో గుండుసూది బొమ్మ. సంగతేంటంటే, 2010 నుంచి కొత్తగా చేర్చే పని మామూలుగా మాన్యువల్ షెడ్యూల్‌లో పడుతుంది. మనం పెట్టిన తేదీని అది తనంతట తాను మార్చదు. ఆప్షన్స్‌లో షెడ్యూల్ పేజీకి వెళ్లి కొత్త పనులు ఆటోలో, అంటే లింకుల ప్రకారం తేదీ దానంతట అదే మారేలా, పడేట్టు మార్చాక టెన్షన్ తగ్గింది.

అలాగని మాన్యువల్‌ని పూర్తిగా తీసేయలేదు. అందులో తేదీ గడిలో మాటలు కూడా రాసుకోవచ్చు. మా టైల్స్ పనికి ‘ఛఠ్ పండక్కి (బీహార్ వైపు పెద్ద పండగ) వెళ్లిన లేబర్ వచ్చాక’ అని రాశాను. సైట్లో అందరం మాట్లాడుకునే తేదీ అదే మరి!

నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది టాస్క్ పాత్. ఇది 2013లో వచ్చింది. ఒక పని మీద క్లిక్ చేసి ఫార్మాట్ ట్యాబ్‌లో డ్రైవింగ్ ప్రెడిసెసర్స్ ఎంచుకుంటే, ఆ పనిని నిజంగా ఆపుతున్న పనుల బార్లు గాంట్ చార్టులో (పనులను తేదీల కింద బార్లుగా చూపే పటం) వేరే రంగులోకి మారతాయి. 2007లోనూ టాస్క్ డ్రైవర్స్ అని ఒకటుండేది గానీ, అది పక్కన జాబితాగా వచ్చేది. మీటింగులో పదిమందికి చూపించడానికి పనికొచ్చేది కాదు.

మూడో అంతస్తు ప్లాస్టరింగ్ ఆగిపోయినప్పుడు అందరూ ఇటుక పని మేస్త్రీ మీద పడ్డారు. “నా గోడలు ఎప్పుడో లేచాయి సార్, వెళ్లి చూడండి” అంటాడు ఆయన. ప్లాస్టరింగ్ మీద క్లిక్ చేసి ప్రొజెక్టర్ మీద పెట్టాను. ఇటుక పని బారు రంగు మారలేదు. మారింది గోడల్లో గాడి కొట్టి కరెంటు పైపులు వేసే పని. ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ కాసేపు తెరవైపు చూసి, “ఇంకో ఇద్దరిని పెడతాను సార్” అన్నాడు. అంతకుముందు ఇలాంటి మీటింగులు గంటలు నడిచేవి.

ప్రోగ్రెస్ నింపడం దగ్గర మాత్రం కొత్త వెర్షన్ అయినా జాగ్రత్త తప్పదు. టాస్క్ ట్యాబ్‌లో మార్క్ ఆన్ ట్రాక్ అని బటన్ ఉంది. నొక్కితే, పని జరిగినా జరగకపోయినా, స్టేటస్ డేట్ (ప్రోగ్రెస్ ఏ రోజు వరకు లెక్కిస్తున్నామో ఆ తేదీ) దాకా ప్లాన్ ప్రకారమే జరిగినట్టు నింపేస్తుంది. శనివారం సాయంత్రం రిపోర్టు పంపాల్సిన వాడికి అంతకన్నా ముద్దొచ్చే బటన్ ఉండదు. నేను అప్‌డేట్ ప్రాజెక్ట్‌లోకి వెళ్లి, మిగిలిన పనిని స్టేటస్ డేట్ తర్వాతకి తోసే ఆప్షన్ వాడతాను. ఇది పాతదే గానీ, కొత్త మెనూలో కంటికి ఎదురుగా ఉంది.

ఇంకో సంగతి, పర్సెంట్ కంప్లీట్ అనేది రోజుల లెక్క. స్లాబుకు 10 రోజులు అనుకుందాం: సెంట్రింగ్ (కాంక్రీట్ పోయడానికి అచ్చు కట్టడం) 6, స్టీల్ 3, కాంక్రీట్ 1. మొత్తం ఒకే లైనుగా రాస్తే, ఒక్క బొచ్చె కాంక్రీట్ పడకుండానే 90 శాతం అయిపోయినట్టు కనిపిస్తుంది. క్లయింటు సైట్‌కొచ్చి చూస్తే ఉత్త ఇనుమే. అందుకే ప్రతి స్లాబునూ మూడు లైన్లుగా విడగొట్టాను.

ముఖ్యమైన పనులను ఒక పట్టీ మీద చూపే టైమ్‌లైన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, బాగుంది. 2016 నుంచి ఒకటికి మించి పెట్టుకోవచ్చు కాబట్టి, పైది మొత్తం ప్రాజెక్టుకి, కిందది వచ్చే నెలకి పెట్టి పవర్‌పాయింట్‌లో అతికిస్తాను. మేనేజ్‌మెంట్ అంతకుమించి చూడదు.

2019లో వచ్చినవి చిన్నవే. ఒక పనికి ముందు ఏ పని అవ్వాలో రాసే ప్రెడిసెసర్ గడిలో ఇప్పుడు నంబరు వెతికి కొట్టక్కర్లేదు, జాబితా తెరిచి టిక్ పెడితే చాలు. అలాగే టాస్క్ సమ్మరీ నేమ్ అనే కాలమ్ ఒకటి చేరింది. ఆలస్యమైన పనులను ఫిల్టర్ చేస్తే ఇంతకుముందు ప్లాస్టరింగ్, ప్లాస్టరింగ్, ప్లాస్టరింగ్ అని వరసగా వచ్చేవి, ఏ అంతస్తుదో తెలిసేది కాదు. ఆ కాలమ్ పెట్టాక పక్కనే అంతస్తు పేరు వస్తోంది. సోమవారం పొద్దున ఆ ఒక్క పేజీ ప్రింటు తీసి ఫోర్‌మ్యాన్‌కి ఇస్తున్నాను. ఒక వారం నేను సెలవు పెడితే, “షీటు ఏదీ సార్?” అని ఆయనే ఫోన్ చేశాడు.