కెన్యా తీరంలో మొంబాసా నుంచి లాము దాకా: బరంపురం వాళ్లకి

ముందు ఎల్లో ఫీవర్ టీకా సంగతి చూసుకోండి. వేయించుకున్న పది రోజులకి గానీ కార్డు చెల్లదు. కార్డు లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు.

అప్పడాలు, కారప్పొడి ప్లాస్టిక్ క్యారీ కవర్లలో సర్దకండి. అక్కడ 2017 నుంచి అవి నిషేధం. గుడ్డ సంచి, స్టీలు సీసా చాలు.

ఆ తీరంలోనే ఉన్న వటాములో 1968 నాటి మెరైన్ పార్కు (రక్షిత సముద్ర ప్రాంతం) ఉంది. అక్కడ బేరం కంటే ఆటుపోట్లే ముఖ్యం. గోపాల్‌పూర్ అలవాటుతో వెళితే పప్పులో కాలేసినట్టే. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీటిమట్టం దాదాపు నాలుగు మీటర్ల తేడాతో పడిలేస్తుంది. పడవ మాట్లాడుకునే ముందు ఆ రోజు ఆటు ఎన్నింటికో అడగండి. రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి టైము ఇవాళ పనికిరాదు. పోటు మీదుంటే పగడాలు లోతుకి పోయి మసగ్గా కనిపిస్తాయి. నీళ్లు తగ్గాక రాళ్ల మీద చెప్పుల్లేకుండా నడిచారో, నల్లటి సముద్రపు ముళ్లకాయ (సీ అర్చిన్ అనే ప్రాణి) ముల్లు అరికాల్లో విరుగుతుంది. పగడం మీద మాత్రం నిలబడొద్దు, అది ప్రాణి. ఋషికుల్య దగ్గర తాబేలు గుడ్ల మీద నడుస్తామా?

నీళ్లు తేటగా ఉండేది డిసెంబరు నుంచి మార్చి దాకా.

మొంబాసాలో పోర్చుగీసులు 1593లో మొదలుపెట్టిన ఫోర్ట్ జీసస్‌కి పొద్దున్నే వెళ్లండి, ఎండ మాడ్చేస్తుంది. లాము దీవి సందుల్లో కార్లు పట్టవు, సామాను గాడిదల మీదే. చక్రాల సూట్‌కేసు అక్కడ శుద్ధ దండగ.