అబ్రా ఎక్కిన కేజీ క్లాసు

దుబాయ్‌లో కేజీ పిల్లలకు చెప్పే పాఠాల్లో వాహనాల పాఠం ఏటా ఉండేదే. గోడ మీద చార్టు, బొమ్మ కింద పేరు. కారు, బస్సు, రైలు, ఓడ అని పిల్లలు ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పేస్తారు. కానీ చార్టులో రైలంటే పొగ వదిలే ఇంజను. ఈ పిల్లలు ఎరిగిన రైలు 2009లో మొదలైన మెట్రో. దానికి పొగా లేదు, డ్రైవరూ లేడు. కంటితో చూడని బండి పేరు నేర్పితే అది అప్పజెప్పడానికే పనికొస్తుంది, మాటల్లోకి రాదని నా గట్టి నమ్మకం. అందుకే ఈ ఊళ్లో తిరిగే బండ్లనే వాళ్ల చేత బొమ్మలుగా చేయిస్తాను.

అన్నిట్లోకీ నాకు ఇష్టమైనది అబ్రా. దేరా, బర్ దుబాయ్ పేటల మధ్య క్రీక్ అనే సముద్రపు పాయ దాటించే చెక్క పడవ. మధ్యలో పొడుగాటి బల్ల, దాని మీద జనం వీపూ వీపూ ఆనించి నీళ్లవైపు తిరిగి కూర్చుంటారు. నడిపే మనిషి నడిమధ్య గుంతలో నిలబడతాడు. మాది కోనసీమ. పంటు మీద గోదావరి దాటుతూ పెరిగినదాన్ని, ఆ ఇంజను చప్పుడు వింటే ప్రాణం లేచొస్తుంది.

పాల డబ్బాను నిలువుగా కోసి ఇవ్వడం వరకే మా పని. గోధుమరంగు కాగితం అంటించడం, ఐస్‌క్రీమ్ పుల్లలు నిలబెట్టి పైన గుడ్డ కప్పడం పిల్లలు చేస్తారు. బల్లకి అగ్గిపెట్టె సరిపోతుంది. తర్వాత రంగు పిండితో మనుషుల్ని చేస్తారు. అసలు మాటలు అప్పుడు మొదలవుతాయి. "మా తాత ముందు ఎక్కాలి", "నీ బొమ్మ ఇంకా దిగలేదు, నాది ఎక్కడ కూర్చోవాలి?" అని ఒకటే గొడవ. పేర్లు చార్టు చూసినా వస్తాయి. ఎక్కడం, దిగడం, దాటడం, పక్కన, వెనక లాంటివి మాత్రం చేతిలో బొమ్మ ఉంటేనే నోటికి వస్తాయి.

డిసెంబరు 2, ఇక్కడి జాతీయ దినం దగ్గరపడితే ధో అనే పాతకాలపు తెరచాప ఓడ చేస్తాం. కొందరు తెరచాపను నలుచదరంగా కత్తిరిస్తారు. త్రికోణంగా మళ్లీ కత్తిరించమంటాను, ఇక్కడి ఓడకి అదే గుర్తు. పూర్వం ముత్యాల వేటకు ఇలాంటి ఓడల్లోనే వెళ్లేవాళ్లని, వాటికి టేకు మలబారు తీరం నుంచి వచ్చేదని చెబితే కేరళ పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. అరబిక్ టీచరమ్మ వచ్చి సయ్యారా, తయ్యారా, సఫీనా అని పాటలా పలికిస్తుంది. కారు, విమానం, ఓడ.

క్లాసు చివర పెద్ద అట్ట మీద ఊరి మ్యాపు గీసి బండ్లన్నీ పెడతాం. ఎర్ర టాపు టాక్సీ, ఆడవాళ్లు నడిపే గులాబీ టాపు టాక్సీ, మెట్రో. ఒక పిల్లాడు కిటికీలోంచి కార్మికుల బస్సు చూసి "ఆ అంకుల్స్ ఏ స్కూలుకి వెళ్తున్నారు?" అని అడిగాడు. అలాంటి బస్సుల్లో మా తెలుగువాళ్లెందరో ఉంటారు, జగిత్యాల నుంచి, నిజామాబాద్ నుంచి. మీరుండే బిల్డింగులు కట్టేది వాళ్లేనని చెప్పాను. వాడు తెల్ల బస్సు చేసి, కిటికీల నిండా పసుపు హెల్మెట్లు అంటించాడు. ఇప్పుడు మా మ్యాపులో ఆ బస్సుకి చోటు తప్పకుండా ఉంటుంది.

పిల్లలకి తెలుగు రావట్లేదని బెంగపడే అమ్మలు "ఏం చెయ్యమంటారు టీచర్ గారూ?" అని అడుగుతుంటారు. అదే పడవ ఇంట్లో చేయించండి, కాకపోతే మాటలన్నీ తెలుగులో ఆడండి అంటాను. రేవు, తెడ్డు, చుక్కాని, సరంగు. మా పక్క ఫ్లాట్ పాప ఇప్పుడు అన్నం తినేటప్పుడు కూడా పళ్లేన్ని పడవ చేసి, "సరంగు గారూ, ఆపండి, మా అమ్మమ్మ దిగాలి!" అని కేకలేస్తోంది.