గీజర్ కాయిల్ నేనే మార్చా

అనంతపురంలో బోరు నీళ్లతో గీజర్ వాడితే ఈ పని ఎప్పుడో ఒకరోజు తప్పదు. మాది 15 లీటర్లది. లైటు వెలుగుతోంది, అరగంటైనా నీళ్లు గోరువెచ్చగా కూడా కావడం లేదు. మా ఆవిడ "కొత్తది కొనేద్దాంలే" అంది. నీళ్లు కాచే కాయిల్ ఒక్కటి పోతే మొత్తం గీజర్ పారేయడమేంటని నా పట్టుదల.

ముందు ఎంసీబీ (బోర్డులో గీజర్‌కి కరెంటు ఆపే స్విచ్) దించేసి, కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకుని, కింద మూత విప్పి కాయిల్ తెగిందేమో చూద్దామని రెండు కొసలకూ మల్టీమీటర్ పెట్టా. 2000 వాట్ల కాయిల్ బాగుంటే 26 ఓంల దగ్గర చూపాలి (230ని 230తో గుణించి 2000తో భాగించండి, అదే వస్తుంది). నాది తెగిపోయింది. వైర్లు ఊడదీసేముందు ఫోటో తీసుకోండి, లేకపోతే తర్వాత తల పట్టుకోవాలి.

నీళ్లు కట్టేసి, ట్యాంకు ఖాళీ చేసి, బోల్టులు విప్పితే కాయిల్ కనబడదే! చుట్టూ వేలు మందాన బోరు నీళ్ల సున్నం, అచ్చం రాయి. ఆ సున్నం వేడిని నీళ్లలోకి సరిగా పోనివ్వదు, కాయిల్ లోపలే కాగి కాగి తెగిపోతుంది. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ కూడా ఉంటుంది, మాదాంట్లో తీగ మాత్రమే మిగిలింది. అదీ మార్చా, గాస్కెట్ (మూత దగ్గర ఉండే రబ్బరు వాషర్) కూడా. పాత గాస్కెట్‌తో కక్కుర్తి పడితే నీళ్లు కారతాయి.

వేడినీళ్ల ట్యాపులో ధారగా నీళ్లొచ్చాకే స్విచ్ వేయండి, ఖాళీ ట్యాంకులో వేస్తే కొత్త కాయిల్ కూడా మాడిపోతుంది.

అంతా అయ్యాక మా ఆవిడ గీజర్ వైపు, నా వైపు చూసి "ముందు నువ్వే పోసుకోపో" అంది.