బ్రేక్ ప్యాడ్లు మార్పించడానికి వెళితే డిస్కులు పోయాయన్నారు

కారు ముందు చక్రం బ్రేకు కీచుమంటోంది. రిమ్ము సందులోంచి టార్చి వేసి చూస్తే ప్యాడ్ మందం 3 మి.మీ.కి వచ్చేసింది. కొత్తది 10 దాకా ఉంటుంది, 3 దగ్గర మార్చేయాల్సిందే. సర్వీస్ సెంటర్లో బండి ఇవ్వడం, జాబ్ కార్డు రాయించడం ఇట్టే అయిపోయాయి.

మధ్యాహ్నం ఫోను. "సార్, డిస్కులు కూడా పోయాయి, రెండూ మార్చాలి." డిస్కంటే చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్ళెం, ప్యాడ్లు నొక్కేది దాన్నే. ఎంత అరిగాయంటే "బాగా అరిగాయి సార్" అంటాడే గానీ అంకె చెప్పడు. నేనే వెళ్ళాను. పసుపు గీత దాటొద్దన్నారు, దాటాను. అడ్వైజరు డిస్కు అంచుమీద వేలు పెట్టి "గట్టు తగులుతోంది చూడండి" అన్నాడు. వాడిన ప్రతి డిస్కుకీ గట్టుంటుంది. ప్యాడ్ తగలని అంచు అరగదు కదా! తేల్చాల్సింది మందం. కనీసం ఎంత ఉండాలో డిస్కు మీదే ఉంటుంది, మా బండికి 20 మి.మీ.

మందం కొలిచే వెర్నియర్ తెమ్మన్నాను. "మీరు ఇంజినీరా సార్?" అని పక్కవాళ్ళకేసి చూసి నవ్వాడు. కుర్చీల్లో ఉన్న కస్టమర్లంతా ఇటే చూస్తున్నారు. ఒళ్ళు మండింది. తీరా తెచ్చాక దాన్ని తిన్నగా గట్టుమీదే పెట్టాడు. అలా కొలిస్తే డిస్కు ఎప్పుడూ కొత్తదిలాగే కనిపిస్తుంది. నాకు లాభమే అయినా తప్పు కొలత తప్పే. జేబులోంచి రెండు రూపాయి బిళ్ళలు తీసి, గట్టుకి లోపలగా అటొకటి ఇటొకటి ఆనించి, మొత్తం కొలిపించి, బిళ్ళల మందం తీసేయించాను. 21.2 వచ్చింది. నవ్వినవాడు మళ్ళీ మాట్లాడలేదు.

అసలు గొడవ వాళ్ళు చూడనేలేదు. లోపలి ప్యాడ్ బయటిదానికన్నా ఎక్కువ అరిగింది. ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం కాలిపర్. ఒకవైపు అది జారే పిన్ను పట్టేసింది. అలాంటి పిన్నుని శుభ్రం చేయించి సిలికాన్ గ్రీజే పెట్టించండి, మామూలు గ్రీజు దాని రబ్బరు తొడుగుని ఉబ్బించేస్తుంది. పాత ప్యాడ్లు చేతికి అడిగి తీసుకోండి.

బ్రేక్ ఆయిల్ తగ్గిందని ఊరికే పోయించకండి. ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం దిగుతుంది. కొత్తవి వేసేటప్పుడు ప్యాడ్‌ని తోసే పిస్టన్‌ని వెనక్కి నొక్కితే ఆయిల్ పైకొచ్చి పొంగుతుంది, పెయింటు తినేస్తుంది. రెండేళ్ళకోసారి పూర్తిగా మార్పించడం మాత్రం తప్పదు. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తది 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 155 చాలు. మరిగితే ఆవిరి బుడగలొచ్చి పెడల్ మెత్తగా కిందికి పోతుంది.

తిరుమల కొండ దిగేటప్పుడు అది తెలిసొస్తుంది. 40 నిమిషాలకు ముందు దిగకూడదన్న టీటీడీ షరతు బ్రేకులకూ మంచిదే. రెండో గేరులో ఉంచి, గట్టిగా ఒకసారి తొక్కి వదిలేయాలి. పెడల్ మీద కాలు ఆనించి ఉంచకూడదు, న్యూట్రల్ అసలొద్దు.

కొత్త ప్యాడ్లకి ఖాళీ రోడ్డు మీద వేగం గంటకి 50 కి.మీ. నుంచి 10కి ఓ పదిసార్లు నెమ్మదిగా తగ్గించండి. మధ్యలో పూర్తిగా ఆపొద్దు.

బిల్లులో "డిస్క్ తనిఖీ" అని ఒక వరస కలిపారు. దాన్నీ కొట్టేయించాను.