రెండు గంటలకోసారి

బాపుకు పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయి మూడో వారం. ఒళ్లు తుడుస్తుంటే తోక ఎముక మీద రూపాయి బిళ్లంత కమిలిన మచ్చ కనిపించింది. హనుమకొండ ఎండలు తెలుసు కదా, చెమటకాయేమో అనుకుని పౌడర్ చల్లాం. నాలుగు రోజులకు తోలు లేచి పుండైంది. కదలకుండా ఒకేచోట పడుకుంటే ఒత్తిడికి పడే పుండు (బెడ్‌సోర్) అది.

డ్రెస్సింగ్‌కు వచ్చిన నర్సమ్మ తిట్టినంత పని చేసింది. "మచ్చను వేలితో నొక్కి చూడలేదా అన్నా? వేలు తీసినప్పుడు తెల్లబడకుంటే అక్కడ రక్తం ఆడతలేదన్నట్టే." నల్లటి ఒంటి మీద ఆ తేడా సరిగా తెలియదట. అందుకే చేత్తో తాకి చూడాలి, చుట్టుపక్కల కన్నా వేడిగానో గట్టిగానో తగులుతుంది.

ఎయిర్ బెడ్ కొన్నామన్న ధీమా మాది. గాలి గదులు నిండుతూ దిగుతూ ఒత్తిడి మారుస్తాయి, నిజమే. కానీ మేం దాని మీద బొంత, రబ్బరు షీటు, దుప్పటి పరిచాం. ఇక ఆ గాలి ఎవరికి పనికొస్తుంది? నర్సమ్మ అవన్నీ తీసేయించి ఒక్క పలుచటి దుప్పటి ఉంచింది.

ఎయిర్ బెడ్ ఉన్నా రెండు గంటలకోసారి పక్క మార్చక తప్పదు. పూర్తిగా పక్కకు తిప్పేస్తే తుంటి ఎముక మీద బరువు పడుతుంది, అందుకే వీపు వెనక దిండు పెట్టి కొంచెం ఏటవాలుగా ఉంచుతాం. పిక్కల కింద ఇంకో దిండు, మడమలు గాల్లో తేలాలి. పైకి జరపాలంటే ఈడ్చకూడదు, తోలు ఒకవైపు, లోపలి కండ ఒకవైపు లాగుతాయి. అమ్మ పాత నూలు చీర మడత బాపు కింద వేసి, ఇద్దరం చెరో కొస పట్టి లేపుతున్నాం.

సలహాలకు కొదవ లేదు. ఒకరు పసుపు అద్దమన్నారు, ఒకరు గాలి ట్యూబ్ మీద కూర్చోబెట్టమన్నారు. ట్యూబ్ చుట్టూ నొక్కి, మధ్యలోకి రక్తం పోనీయదట. పుండును సెలైన్‌తో కడగడమే. వాసన వచ్చినా, నల్లబడినా, జ్వరం వచ్చినా ఆస్పత్రికే.

పుండు మానాలంటే కండ పట్టే తిండి కావాలి. శనివారం గుడ్డు ముట్టని మనిషి బాపు. ఇప్పుడు వారం ఏదని అడగడు, మేమూ చెప్పం.

నిన్న రాత్రి రెండు గంటల అలారం నాకు వినపడలేదు. బాపే కుడి చేతి ఉంగరంతో మంచం పట్టె మీద టక్ టక్ కొట్టి లేపాడు.