రాజీనామా కాగితం ఆఖర్న రాయాలి

ఉద్యోగం మారడం వేరు, వృత్తి మారడం వేరు. మొదటిదాంట్లో ఇక్కడి జీతం ఆగేలోపు అక్కడి జీతం పడుతుంది. రెండోదాంట్లో మధ్యలో ఒక ఎండాకాలం దాటాలి. పాతికేళ్ల కుర్రాడికైనా, యాభై దాటిన పెద్దాయనకైనా ఇది తప్పదు. ధైర్యం ఉందా అని అందరూ అడుగుతారు గానీ, ఆధార్‌లో పేరూ పీఎఫ్‌లో పేరూ ఒకటేనా అని ఎవరూ అడగరు. పని ఆగేది మాత్రం అక్కడే.

మన పేర్ల గోల తెలిసిందే. పదో తరగతి మార్కుల లిస్టులో మూడు పొడి అక్షరాలు, ఆధార్‌లో అవే విడదీసి బారెడు పేరు, పాన్ కార్డులో ఇంటిపేరు చివర. పీఎఫ్‌లో పేరు గానీ పుట్టిన తేదీ గానీ సరిచేయాలంటే కొన్ని సందర్భాల్లో, ముఖ్యంగా పాత ఖాతాలకు, కంపెనీ ఆమోదం కావాలి. అక్కడ పనిచేస్తున్నంతకాలం అది ఒక్క మాటతో అయిపోతుంది. మానేశాక అదే మాటకు హెచ్ఆర్ ఫోనెత్తదు. మానేసిన తేదీని కంపెనీ వెయ్యకపోతే కంగారొద్దు, ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత పీఎఫ్ పోర్టల్లో మనమే వేసుకోవచ్చు.

పీఎఫ్‌ను పెట్టుబడిగా లెక్కేసేవాళ్లు రెండు సంగతులు చూసుకోవాలి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి. అది నిండకపోతే పింఛను వాటా తీసెయ్యకుండా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే, రేపు మళ్లీ ఎక్కడైనా చేరినప్పుడు పాత ఏళ్లు కలుస్తాయి.

కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది. సొంత పాలసీ ముందే తీసుకోండి. షుగర్, బీపీ లాంటి పాత జబ్బులకు గరిష్ఠంగా 3 ఏళ్ల దాకా ఆగాల్సి రావచ్చు, ఆ గడియారం జీతం వస్తుండగానే మొదలవ్వాలి. ఇంటి అప్పు సంగతీ అంతే, జీతం స్లిప్పు ఉన్నంతకాలమే బ్యాంకులో మర్యాద. వ్యాపారంలోకి దిగాక రెండు మూడేళ్ల ఐటీ రిటర్నులు అడుగుతారు. అలాగని పర్సనల్ లోను తెచ్చి షాపు పెట్టకండి. గల్లాపెట్టె నిండకముందే కిస్తీ వచ్చి కూర్చుంటుంది.

ఇంటి ఖర్చు నెలకు 35,000 అనుకుందాం, ఏడాదికి 4,20,000. జూన్‌లో స్కూలు ఫీజులు, బీమా ప్రీమియం, సంక్రాంతి, రెండు పెళ్లిళ్ల చదివింపులు కలిపి ఇంకో 80,000. అంటే అసలు నెల ఖర్చు దాదాపు 42,000. ఏడాదికి సరిపడా ఆ ఐదు లక్షలూ వ్యాపారం డబ్బుతో కలవకుండా వేరే డిపాజిట్‌లో ఉండాలి.

ఇక కొత్త పని. గుంటూరు బ్రాడీపేటలో కర్రీ పాయింట్ పెట్టాలనుకుంటే, ముందు వారం రోజులు అలాంటి షాపు ఎదురుగా సాయంత్రం 7 నుంచి 9 దాకా నిలబడి ప్యాకెట్లు లెక్కపెట్టండి. ఉదాహరణకు ప్యాకెట్ 40 రూపాయలు, 120 వండారు, అన్నీ అమ్ముడైతే 4,800. సరుకులు, గ్యాసు, ప్యాకింగు 2,400. నెలకు 13,000 అద్దెను 26 రోజులకు పంచితే రోజుకు 500. మనిషి కూలి 600, కరెంటూ గట్రా 100. మిగిలేది 1,200. ఇరవై ప్యాకెట్లు మిగిలిపోయాయా, చేతికొచ్చేది 400. పప్పు రేపటికి పనికిరాదు కదా! అందుకే మొదట్లో 60 ప్యాకెట్లే వండి, ఎనిమిదిన్నరకు అయిపోయిందనిపించుకోవడమే నయం. కార్తీకంలో కోడికూర కదలదు, ఆ నెల లెక్క వేరేగా వేసుకోవాలి. మంచి కూర వండటం వచ్చినంత మాత్రాన ఇది వచ్చినట్టు కాదు. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ తలుపు తీయకముందే చేయించండి.

చదువు వైపు వెళ్లేవాళ్లకు మూడేళ్ల లా కోర్సు బాగానే ఉంటుంది, దాని ప్రవేశ పరీక్ష లాసెట్‌కు వయోపరిమితి లేదు. కానీ ప్రాక్టీసు చెయ్యాలంటే దూరవిద్యలో చేసిన లా డిగ్రీ పనికిరాదు, క్లాసు హాజరు 70 శాతం ఉండాలి. పూర్తికాలం ఉద్యోగంలో ఉంటూ బార్ కౌన్సిల్లో అడ్వకేటుగా నమోదు కాలేరు. బెజవాడ కోర్టులో సీనియర్ దగ్గర చేరాక మొదటి రెండేళ్లు పెట్రోలు ఖర్చు వస్తే గొప్పే. పింఛను వచ్చే బ్యాంకు ఉద్యోగికి కుదురుతుంది, ఇంటి కిస్తీ ఉన్నవాడికి కష్టం.

ఇవన్నీ అయ్యాక రాజీనామా. నోటీసు గడువు, మిగిలిన సెలవుల డబ్బు, జీతంలో కోసిన పన్ను సర్టిఫికెట్, రిలీవింగ్ లెటర్ ఎప్పుడిస్తారో రాతపూర్వకంగా అడగండి. జీతం స్లిప్పులన్నీ ఆఖరి వారానికి ముందే సొంత మెయిల్‌కు పంపుకోండి. ఆఖరి రోజు సాయంత్రానికి ఆఫీసు మెయిల్ తెరుచుకోదు.