బీపీ ఉన్న ఇంట్లో పుట్టిన పాతికేళ్ల పిల్లలు

మా తాతగారు పక్షవాతంతో మంచం పట్టి పోయారు. నాన్నగారూ అన్నయ్యా యాభై దాటకముందే బీపీ మాత్రలు మొదలుపెట్టారు. ఈమధ్య అన్నయ్య కొడుకు, రొయ్యల చెరువుల దగ్గర పని చూసే కుర్రాడు, పొట్ట పెరుగుతోందని నేను హెచ్చరిస్తే, "మన వంశంలోనే ఉంది కదా బాబాయ్, ఎలాగూ వస్తుంది" అన్నాడు. కోనసీమలో చాలా ఇళ్లలో ఈ మాట వింటున్నాను కాబట్టి, దీనికి జవాబు వివరంగానే రాయాలనిపించింది.

మనుషుల రక్తపోటులో కనిపించే తేడాల్లో జన్యువుల వాటా సుమారు 30 నుంచి 50 శాతం ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. అయితే ఆ వాటా ఒక్క జన్యువుది కాదు. వందల జన్యు స్థానాలు ఒక్కొక్కటీ కొద్దికొద్దిగా పోటును పెంచుతాయి. పైగా తండ్రి నుంచి కొడుక్కి జన్యువులతోపాటు ఆవకాయ జాడీ, ఎండు చేపల పులుసు, పూటకు రెండుసార్లు వడ్డించే అన్నం కూడా సంక్రమిస్తాయి. రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చెంచాకు మించని ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఊరగాయ, అప్పడం, చల్ల మిరపకాయలు లేనిదే ముద్ద దిగని మన ఇళ్లలో ఆ హద్దు మధ్యాహ్నానికే దాటిపోవచ్చు.

బరువు సంగతి ఇక్కడే ముఖ్యమవుతుంది. కడుపు లోపలి అవయవాల చుట్టూ కొవ్వు చేరినకొద్దీ రక్తంలో ఇన్సులిన్ పెరుగుతుంది, రక్తనాళాలను బిగించే నాడీ వ్యవస్థ చురుకవుతుంది, మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ బయటకు పంపకుండా పట్టి ఉంచుతాయి. వంశపారంపర్యంగా వచ్చే ధోరణిలోనూ మూత్రపిండాలు ఉప్పును వదిలే తీరుకు పెద్ద పాత్ర ఉంది. అంటే బీపీ ఉన్న ఇంట్లో పుట్టి బరువు కూడా పెరిగిన పిల్లవాడి విషయంలో రెండు భారాలూ ఒకే అవయవం మీద పడుతున్నాయి. వాటిలో మొదటిదాన్ని మనం మార్చలేము, రెండోదాన్ని మార్చగలం. అందుకే, వంశంలో ఉందని బరువును వదిలేయడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. వంశంలో ఉన్నవాడే అందరికంటే ముందు బరువు చూసుకోవాలి. అధిక బరువు ఉన్నవారు తగ్గించుకునే ఒక్కో కిలోకూ పై బీపీ సుమారు ఒక పాయింటు దిగుతుందని అనేక పరిశోధనల సగటు చెబుతోంది.

మన శరీర తత్వానికి ఇంకో చిక్కు ఉంది. భారతీయులకు బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా మన వైద్యులు లెక్కిస్తారు. నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు వచ్చిన కుర్రాణ్ణి ఊళ్లో ఎవరూ లావు అనరు కాని, ఆ నడుమే ప్రమాద సూచన.

ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో మరణాల కారణాలను నమోదు చేసినప్పుడు, దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బులవల్లనే సంభవించాయని తేలింది. అయినా జాతీయ ఆరోగ్య కార్యక్రమం కింద గ్రామాల్లో చేసే బీపీ పరీక్షలు ముప్పై దాటినవారిని ఉద్దేశించినవి. తల్లిదండ్రుల్లో ఒకరికైనా బీపీ ఉన్న పిల్లలు ఇరవైలలోనే, ఏడాదికొకసారి, తామే వెళ్లి చూపించుకోవడం మంచిది. ఐదు నిమిషాలు నెమ్మదిగా కూర్చుని, వీపు ఆనించి, అరగంట ముందు నుంచి టీ, సిగరెట్టు మానేసి చూపించుకోవాలి. లావైన చేతికి చిన్న పట్టీ కడితే అంకె ఎక్కువ చూపిస్తుంది కనుక పెద్ద పట్టీ అడగాలి. 140/90 లేదా అంతకుమించి వేర్వేరు రోజుల్లో వస్తే వైద్యుణ్ణి కలవాలి.

పెళ్లయి పిల్లల కోసం ఎదురుచూస్తున్న ఆడపిల్లలకు ఇది మరింత అవసరం. అధిక బరువు, ఇంట్లో బీపీ చరిత్ర రెండూ ఉంటే గర్భంతో ఉన్నప్పుడు వచ్చే రక్తపోటు ముప్పు పెరుగుతుంది. కాబట్టి మొదటి పరీక్షకు వెళ్లిన రోజే తల్లికీ అత్తకూ కాక, వైద్యురాలికి పుట్టింటి బీపీ సంగతి చెప్పాలి.